లేగ త్రాగిన పిమ్మటనే నైవేద్యము



శ్రీమన్నారాయణుని కల్యాణగుణములు అనంతములు. వానిలో ఆశ్రితులమైన మనకు మిక్కిలి ఆసరాయైనది వాత్సల్యగుణము. భగవద్రామానుజులవారు శరణాగతి గద్యమందు స్వామి గుణములను కీర్తించుచు సౌశీల్యము ప్రక్కనే వాత్సల్యమును నిలిపినారు. శ్రీ విష్ణుసహస్రనామమును నిత్యము పారాయణ చేయువారు వత్సలుడనియు వత్సి యనియు రెండు నామములను ఒకదాని వెంట నొకటిగా పలుకుచుందురు. ఆ నామములకు దయగలవాడని సామాన్యార్థము చెప్పుకొని మనము ముందునకు సాగిపోవుదుము. కాని ఆ మాట పుట్టినచోటు రాజసభ కాదు, యజ్ఞశాల కాదు. అది పశువుల కొట్టము.

వత్సమనగా దూడ. పాణిని మహర్షి అష్టాధ్యాయి ఐదవ అధ్యాయము రెండవ పాదమున వత్సశబ్దముపై ప్రేమ యను అర్థమున ఒక ప్రత్యయమును విధించి వత్సల శబ్దమును సాధించినాడు. ఆవునకు తన దూడయందు గల ప్రేమ యేదియో అదియే వాత్సల్యము. తల్లికి బిడ్డయందును, గురువునకు శిష్యునియందును, చివరకు పరమాత్మకు జీవునియందును గల ప్రేమకు ఈ పేరు అక్కడనుండియే వచ్చినది. వత్సి యనగా దూడలు గలవాడు. మనమందరము ఆయన దూడలమే.

కనుక ఆ మాటకు మూలమైన దూడను గూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచితిని. పుట్టిన తొలి దినములలో దూడకు జరిగిన మేలుగాని కీడుగాని దాని బ్రదుకంతయు వెంట వచ్చును. ఈ సంగతిని మన ధర్మశాస్త్రములు తమ పద్ధతిలో చెప్పినవి. నేటి పశువైద్య శాస్త్రము తన పద్ధతిలో చెప్పుచున్నది. అట్టి తొలి దినములలో దూడ భాగమును మనము హరించి, ఆ పాలతోనే స్వామికి ఆరగింపు చేసి, ఆయన వాత్సల్యమును యాచించుట తగునా? మనము విచారింపవలసిన ప్రశ్న ఇదియే.

తల్లి నాలుక

ఆవు ఈనిన వెంటనే చేయు పని యేమి? ప్రసవవేదనతో అలసియున్నను అది మేత వైపు చూడదు. జిగురుతో తడిసి మలినమై నేలపై పడియున్న లేగ వైపు తిరిగి దానిని నాలుకతో నాకుటకు మొదలిడును. మన పూర్వాచార్యులు ఈ దృశ్యమును పట్టుకొనియే భగవద్వాత్సల్యమునకు వ్యాఖ్యానము చేసినారు. శ్రీ పిళ్లైలోకాచార్యులవారి సంప్రదాయమువారు ఆశ్రితుని దోషమునే భోగ్యముగా స్వీకరించుట వాత్సల్యమన్నారు. శ్రీ వేదాంతదేశికులవారి సంప్రదాయమువారు దోషమును చూడకుండుట వాత్సల్యమన్నారు. వివరణలో భేదమున్నను ఇరువురి కన్నుల యెదుట నిలిచినది ఆ కొట్టములోని తల్లియే.

ఆ నాకుట వలన లేగ ఒడలు ఆరును, చలి పట్టదు. రక్తప్రసారము హెచ్చును. శ్వాస కుదుటపడును. లేగ తొందరగా లేచి కాళ్లపై నిలువగలుగును. కొద్ది నిమిషములలోనే తల్లికి బిడ్డ వాసన గుర్తుండిపోవును. వంద దూడలలో నున్నను తన దూడను తానెరుగును. వేయి ఆవుల మందలో దూడ తన తల్లిని వెదకి పట్టుకొన్నట్లు, చేసిన కర్మ చేసినవానిని వెదకి పట్టుకొనునని మహాభారతమందు ఒక ఉపమానము గలదు. ఆ ఉపమానమునకు కావలసిన బంధము ఈ తొలి గడియలలోనే ముడిపడుచున్నది. దూడ విషయమున మనము చేసిన కర్మయు అట్లే మనలను వెదకికొని వచ్చునని వేరుగ చెప్పనక్కరలేదు గదా!

ముర్రుపాలు ఎవరివి?

మానవశిశువునకు రోగములను ఎదుర్కొను శక్తిలో కొంతభాగము తల్లిగర్భమునందే సంక్రమించును. దూడకు ఆ భాగ్యము లేదు. ఆవు మావి నిర్మాణము వేరగుటచే తల్లి రక్తమునందలి రక్షకపదార్థములు గర్భస్థమైన దూడకు చేరవు. కనుక లేగ దాదాపు నిరాయుధముగా ఈ లోకమున పడుచున్నది. దానికి కావలసిన ఆయుధములన్నియు భగవంతుడు తల్లి పొదుగునందలి ముర్రుపాలలో దాచినాడు.

ఇందు మరియొక విశేషము గలదు. ఆ రక్షకపదార్థములు లేగ ప్రేగులనుండి రక్తములోనికి ప్రవేశించుటకు ఒక ద్వారము వంటిది తెరచియుండును. అది తొలి ఆరుగంటలలో బాగుగా తెరచియుండి, గంటగంటకు మూసికొనుచు, సుమారు ఒక దినము గడచునప్పటికి పూర్తిగా మూతపడును. ఆ తరువాత కడవలతో పోసినను ఆ పాలు ఆహారమగునే గాని రక్షణ కాజాలవు. పదును తప్పిన పిమ్మట ఎంత మంచి విత్తు చల్లిన నేమి? లేగ బరువులో పదియవవంతు ముర్రుపాలు తొలి దినమున దానికి అందవలెనని పశువైద్యులు చెప్పుదురు. ఇరువది కిలోల నాటుదూడకు రెండు లీటర్లు; ముప్పది కిలోల సంకరజాతి దూడకు మూడు లీటర్లు. అందులో మొదటి భాగము పుట్టిన గంట రెండు గంటలలోనే పడవలెను. అట్లు పడని దూడ తెల్లపారుడుకో, ఊపిరితిత్తుల జబ్బుకో, బొడ్డువాపుకో సులభముగా లోబడును. బ్రతికి బయటపడినను ఎదుగుదల తగ్గిపోవును.

పల్లెలలో ఒక నమ్మకమున్నది. మావి పడువరకు దూడను పొదుగు దగ్గరకు పోనీయరాదని అందురు. మావి పడుటకు ఒక్కొక్కప్పుడు ఎనిమిది గంటలు, పది గంటలు పట్టును. అంతలో లేగకు అమూల్యమైన సమయము జారిపోవును. నిజమునకు దూడ పొదుగు కుడుచుట వలన తల్లి గర్భాశయము ముడుచుకొని మావి పడుటకే సాయమగును. పెద్దలు చెప్పిన ఆచారమని దీనిని పట్టుకొని వ్రేలాడనక్కరలేదు. దీనికి ఏ స్మృతియు ఆధారము కాదు.

ఇక జున్ను మాట. జున్ను రుచికరమైన పదార్థమే. ఆవు ఈనినదనగా ఇరుగుపొరుగులకు జున్నుపాలు పంపుట మన ఊళ్ల మర్యాద. ఆ మర్యాదను నేను నిందించుట లేదు. కాని వరుస తప్పరాదు. పెద్దపొదుగు గల సంకరజాతి ఆవు లేగ త్రాగగలిగినదానికంటె ఎక్కువ ముర్రుపాలు ఇచ్చును. లేగ కడుపునిండ త్రాగిన పిమ్మట మిగిలినది జున్నునకు వాడుకొనవచ్చును. నాటు ఆవునకు అట్టి మిగులు ఉండదు. అచ్చట జున్ను కొరకు ఆశపడుట లేగ ప్రాణమును గిన్నెలోనికి పితుకుకొనుటయే.

ఆ జున్నును స్వామికి నివేదింపవచ్చునా యని కొందరు గృహస్థులు అడుగుదురు. మనుస్మృతి ఐదవ అధ్యాయమున ఆవు ఈని పదిదినములు గడువక మునుపటి పాలు వర్జ్యములని స్పష్టముగా నున్నది. తెలుగునాట పెక్కు కుటుంబములవారు అనుసరించు ఆపస్తంబ ధర్మసూత్రమునందును ఈ నిషేధమే గలదు. మనుష్యునికే వర్జ్యమైనది దేవునికెట్లు నైవేద్యమగును? ఆ నిషేధమునకు శౌచాశౌచ విచారణ కారణమని చెప్పువారు గలరు. కారణము ఏదైనను ఫలము మాత్రము లేగకు దక్కినది. ఆ పది దినములు పొదుగు దానిది.

అదే శ్లోకమున దూడలేని ఆవు పాలు కూడ త్యాజ్యములని మనువు చెప్పినాడు. నాలుగవ అధ్యాయమున స్నాతకధర్మములలో ఇంకను ముచ్చటైన నియమము గలదు. దూడకు పాలిచ్చుచున్న ఆవును అడ్డగింపరాదు. ఆ సంగతిని ఇతరులకు చెప్పనుకూడ రాదు. పొరుగువాని దూడ త్రాడు తెంపుకొని తల్లిని కుడుచుచుండగా మనము చూచితిమనుకొనుడు. "అయ్యా! మీ దూడ పాలన్నియు త్రాగివేయుచున్నది" అని పరుగెత్తి చాడీ చెప్పుట స్నాతకునకు తగదు. ధర్మశాస్త్రకర్త ఎంత చిన్న ప్రాణి పక్షమున నిలిచినాడో చూడుడు.

దూడలేని ఆవు పాలు ఎందుకు కూడదో నేటి పరిస్థితిని చూచిన తెలియును. దూడ దక్కనిచో ఆవు చేపదు. చేపింపవలెనని చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలుపుదురు. ఆ తల్లి ఆ తోలును నాకుచు పాలిచ్చును. ఇంకను క్రూరులు ఫూకా యను పేర ఆవు జననేంద్రియమున గాలి ఊదుట మొదలైన హింసలు చేసెడివారు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము పండ్రెండవ విభాగమున ఫూకాను నేరముగా ప్రకటించినది. పాలు హెచ్చుటకై ఆరోగ్యమునకు హాని చేయు సూదిమందులను వాడుట కూడ ఆ విభాగముచే నిషిద్ధము. ఈ చట్టము వచ్చుటకు పార్లమెంటులో పాటుపడినవారు కళాక్షేత్ర స్థాపకురాలైన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. 1976లో జరిగిన నలుబదిరెండవ సవరణచే ప్రాణులయందు దయ చూపుట పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా మన రాజ్యాంగమున చేరినది. మనువు వివత్స యని ఒక్క మాటతో వారించిన దానిని వారించుటకు నేడు చట్టము కావలసివచ్చినది.

దిలీపుని వరుస

రఘువంశ ద్వితీయసర్గ చదువని సంస్కృత విద్యార్థి ఉండడు. సంతానములేని దిలీప మహారాజు కులగురువైన వసిష్ఠుని ఆజ్ఞపై నందినీ ధేనువును సేవించిన కథ అది. సర్గారంభమున కాళిదాసు ఒక చిన్న విశేషణమును వేసినాడు. దూడ పాలు త్రాగిన తరువాత దానిని కట్టి, పిదప రాజు ధేనువును అడవికి విడిచినాడట. పఠనమున వేగముగా దాటిపోవు పదమది. కాని సర్గ సారము దానిలోనే యున్నది.

ఇరువదియొక్క దినముల సేవ ముగిసినది. ధేనువును కాపాడుటకై రాజు తన దేహమునే సింహమునకు ఆహారముగా అర్పింప సిద్ధపడినాడు. నందిని ప్రసన్నయై, "నా పాలు ఆకుదొప్పలో పితుకుకొని త్రాగుము, నీకు పుత్రుడు కలుగును" అన్నది. రాజు ఆకలిగొని యున్నాడు. సంతానాకాంక్ష దహించుచున్నది. అడవిలో అడ్డగించువారు లేరు. పాలు గల తల్లియే స్వయముగా త్రాగుమన్నది. అయినను అతడు త్రాగలేదు. దూడ త్రాగగా, హోమమునకు వినియోగింపగా మిగిలినదానిని, గురువుగారి అనుమతి పొంది త్రాగుదునని విన్నవించినాడు. తాను రక్షించిన భూమినుండి ఆరవపాలు పన్నుగా గైకొనునట్లు దీనిని గైకొందునన్నాడు.

ఈ వరుసను గమనింపుడు. మొదట దూడ. పిమ్మట హోమము. చివర మహారాజు. దేవతలకు చేరవలసిన హవిస్సుకంటెను ముందు దూడ పేరు వచ్చినది. దూడ ఆకలితో నుండగా చేసిన హోమము దేవతలకు రుచింపదని దిలీపుడు ఎరుగును. పైగా పాలను అతడు పన్నుతో పోల్చినాడు. పన్ను అడుగు హక్కు రక్షించినవానికే గలదు. రక్షింపక పన్ను గొనువాడు రాజు కాడు, చోరుడు. ఈ వరుస తప్పని రాజు వంశముననే శ్రీరామచంద్రుడు అవతరించినాడు.

ఇచ్చట గృహస్థులు ఒక ఆక్షేపణ చేయుదురు. "స్వామీ! మేము రాజులము కాము. రెండు పశువుల పాలు కేంద్రములో పోసి బ్రదుకువారము. దూడ త్రాగిన ప్రతి గ్లాసు మా పిల్లల పుస్తకములకు తక్కువ పడును" అందురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. 1970లో క్షీరవిప్లవము ఆరంభమైన నాటినుండి మన పల్లెలలో పాలు రోజువారీ రొక్కమైనవి. పేదయింటికి అది మేలే చేసినది. కాని లెక్క వేయుటలోనే పొరపాటున్నది. అమెరికా దేశమున కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2012లో ప్రకటించిన పరిశోధనయందు, పాలు త్రాగు వయసులో బాగుగా ఎదిగిన పెయ్యదూడలు పెరిగి ఈనినప్పుడు తొలి ఈతలో ఎక్కువ పాలిచ్చినట్లు తేలినది. నేడు పెయ్య నోటినుండి లాగిన పాలు రెండు మూడేండ్ల తరువాత మన కడవలోనే తగ్గును.

కోడెదూడ మాటయో? దానికి త్రాపిన పాలకు తిరిగి రాబడి లేదు. అక్కడ లెక్కలు ఆగిపోవును, ధర్మమొక్కటియే మాటలాడును. అసలు వాత్సల్యమునకు పరీక్ష అక్కడనే యున్నది. మన వలన స్వామికి ఏమి లాభము? మన యోగ్యతను తూచి ఆయన కటాక్షించునా? పనికిరాని దూడనుకూడ నాకు తల్లివలె ఆయన మనలను చేరదీయునని గదా మన విశ్వాసము!

దూడలకాపరి

శ్రీమద్భాగవత దశమస్కంధమున ఒక క్రమము గలదు. శ్రీకృష్ణుడు మొదటినుండియు గోపాలుడు కాడు. బాల్యమున వ్రేపల్లెకు దగ్గరలో తోటిబాలురతో గూడి లేగలను మేపిన వత్సపాలుడు. కొంత వయసు వచ్చిన పిమ్మటనే ఆవులను మేపుటకు పెద్దలు అనుమతించిరి. కార్తిక శుద్ధ అష్టమిని గోపాష్టమిగా జరుపుకొనుట ఆ దినమును స్మరించుటకే. చిన్నప్రాణులను చిన్నచేతులకు అప్పగించిన ఆ గోపవృద్ధుల వివేకము గొప్పది. లేగవయసున మెల్లని స్పర్శకు, మెత్తని పిలుపునకు అలవడిన దూడ పెరిగిన తరువాత మనుష్యుని చూచి బెదరదు. పితుకు వేళ పొదుగు తాకనిచ్చును. ఆ వయసున కర్రదెబ్బలు, అరుపులు ఎరిగినది పెద్దదైనను చేయి ఎత్తగానే ఒదిగిపోవును, భయపడి చేపదు. జంతువుల స్వభావమును పరిశీలించు శాస్త్రజ్ఞులు దీనిని ధ్రువపరచినారు.

కృష్ణుని లేగలు ఒంటరివి కావు. అవి గుంపుగా మేసినవి, గుంపుగా గంతులిడినవి. కెనడా దేశమున బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమువారు 2014లో ప్రకటించిన పరీక్ష ఒకటి ఇచ్చట స్మరింపదగినది. కొన్ని దూడలను ఒక్కొక్కదానిని వేరువేరు గదులలో నుంచిరి. కొన్నిటిని జంటగా నుంచిరి. ఒక రంగు కనబడిన చోట పాలు దొరకునని అన్నిటికి నేర్పిరి. నేర్చినవి. పిదప రంగులను తారుమారు చేసిరి. జంటగా పెరిగినవి క్రొత్త సంగతిని గ్రహించినవి. ఒంటరిగా పెరిగినవానికి అది మిక్కిలి కష్టమైనది. క్రొత్త వస్తువును మరలమరల చూపగా జంటదూడలు దానికి అలవాటుపడినవి, ఒంటరిదూడలు పడలేదు. తొలినాళ్ల ఒంటరితనము ఆకలివలె కంటికి కనబడదు. బుద్ధిని మాత్రము కుంటుపరచును.

అదే విశ్వవిద్యాలయమువారు 2013లో మరియొకటి ప్రకటించిరి. కొమ్ము మొలకను ఇనుముతో కాల్చిన దూడలను మరునాడు పరీక్షింపగా, మేలో కీడో తెలియని సందిగ్ధ సంకేతము కనబడినప్పుడు అవి మునుపటివలె ఆశతో ముందుకు పోలేదట. నొప్పి తలలో మాత్రమే నిలువక మనసులోనికి దిగినదన్నమాట. కొమ్ములు తీయక తప్పదనుకొన్నవారు పశువైద్యుని పిలిచి మత్తుమందుతో తీయించుట కనీస ధర్మము.

వ్రేపల్లె గోపికలు యశోదమ్మతో చెప్పుకొన్న మొరలు అందరికి తెలిసినవే. పితుకువేళ కాకమునుపే కృష్ణుడు దూడలను విడిచిపెట్టును. పాలన్నియు అవి త్రాగివేయును. పోతనామాత్యుడు ఈ సంగతిని తెనుగున మరింత ముద్దుగా చెప్పినాడు. అది బాల్యచాపల్యమని మనము నవ్వుకొందుము. కాని ఆ పిల్లవాని చేయి ఎవరి ముడి విప్పినదో చూడుడు. వెన్నను తాను దొంగిలించెను. పాలను మాత్రము దూడలకే విడిచెను.

బ్రహ్మదేవుడు దూడలను, గోపబాలురను దాచిన ఘట్టమున స్వామి ఏమి చేసెను? పోయిన దూడలకు బదులుగా ఎన్ని దూడలో అన్ని దూడలుగా తానే అయినాడు. ఒక సంవత్సరకాలము సర్వేశ్వరుడు లేగయై పొదుగు కుడిచినాడు. ఆ తల్లులు క్రొత్తగా ఈనిన దూడలను సైతము విడిచి కొండదిగి పరుగెత్తి వచ్చి వానిని నాకినవని శుకమహర్షి చెప్పినాడు. ఇది విన్న పిమ్మట కొట్టములోని లేగను ఉత్త దూడయని అనగలమా?

మ్రొక్కుబడి దూడ

ఇప్పుడు నేను చెప్పవలసిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. దేవునికి దూడను మ్రొక్కుకొనుట మన దేశమున పెక్కుచోట్ల గలదు. సింహాచలక్షేత్రమున శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామికి, మన జనులు ప్రేమతో సింహాద్రి అప్పన్న అని పిలుచుకొను స్వామికి, కోడెదూడలను సమర్పించుట ఉత్తరాంధ్ర రైతు కుటుంబముల ఆచారము. ఈ ఆచారము మూలమున త్యాగరూపమైనది. దున్నుటకు, బండికి, సంతతికి అక్కరకు వచ్చు కోడె రైతునకు సగము ఆస్తి. అట్టిదానిని స్వామికి విడుచుట సామాన్యమా?

నేడు ట్రాక్టరు వచ్చినది. కోడెదూడతో పెక్కు ఇండ్లలో పని లేదు. అది త్రాగు పాలు నష్టముగా తోచుచున్నవి. అట్టివేళ మ్రొక్కు పేరు చెప్పి, పుట్టి పదిదినములైన నిండని లేగను తల్లినుండి విడదీసి, ఎండలో వాహనమున కుదించి, క్షేత్రమునకు తెచ్చి విడుచుట జరిగినచో దానిని ఏమనవలెను? త్యాగమనుటకు నోరు రాదు. అక్కరలేనిదానిని వదలించుకొనుటకు దైవము పేరు అడ్డుపెట్టుకొనుట అది.

కఠోపనిషత్తున నచికేతుని కథ తలచుకొనుడు. తండ్రి యజ్ఞదక్షిణగా ఎండిపోయిన ముసలి ఆవులను ఇచ్చుచుండగా బాలుడు చూచి తల్లడిల్లినాడు. చివరి నీరు త్రాగి, చివరి గడ్డి తిని, ఈనుట ఉడిగిన ఆవులను దానము చేయువాడు సంతోషములేని లోకములకు పోవునే యని దుఃఖించినాడు. ఆ ఆవులు త్రాగవలసినది త్రాగి ముగించినవి. మనము తెచ్చి విడుచు లేగ త్రాగవలసినదానిని ఇంకను మొదలుపెట్టనే లేదు. నచికేతుడు నేడు మన ప్రక్కన నిలిచియున్నచో మనలను ఏమి అడుగును?

అట్టి లేగకు గోశాలలో జరుగునదేమో తెలిసికొనుడు. ముర్రుపాలు చాలనందున దాని ఒంటిలో రక్షణ లేదు. ఊరూరినుండి వచ్చిన దూడలు ఒకచోట చేరుటచే రోగము తేలికగా సోకును. దానికి గడ్డి జీర్ణము కాదు. ఏలయన నెమరువేయుటకు కావలసిన పెద్దకడుపు పుట్టుకతో సిద్ధమై యుండదు, వారములు నెలలు గడువగా క్రమముగా ఏర్పడును. తల్లి లేదు, నాకు నాలుక లేదు. గోశాల సేవకులు ఎంత భక్తితో శ్రమించినను తొలి దినమున పోయినదానిని తిరిగి తేలేరు. తెచ్చినవాడు మ్రొక్కు తీరినదని తలనీలాలిచ్చి ఇంటికి పోవును. ఇంటివద్ద తల్లి ఆవు గుంజ చుట్టు తిరుగుచు అంబా యని అరచుచుండును. ఆ అరుపు స్వామికి వినబడదని అనుకొందమా?

కనుక మ్రొక్కుకొన్నవారికి నా విన్నపము. మ్రొక్కును మానుకొనుమని నేననను. దానిని ధర్మముగా తీర్చుడని అందును. దూడ పుట్టగానే ఇది అప్పన్నది, ఇది స్వామిది అని సంకల్పము చేసికొనుడు. ఆ క్షణమునుండి అది మీ కొట్టమున నున్న దేవుని సొత్తు. రెండు గంటలలోపల ముర్రుపాలు త్రాపుడు. బొడ్డుకు అయోడిన్ పూయుడు. పది దినములు పొదుగు దానికే విడువుడు. తరువాతను చన్నులలో దాని భాగమును దానికి నిలుపుడు. మరియొక దూడతో కలసి ఆడనిండు. పశువైద్యుని అడిగి నట్టలమందు, టీకాలు వేయింపుడు. పాలు మరచి, నెమరు వేయుచు, గడ్డితోనే బ్రదుకగల వయసు వచ్చిన పిమ్మట, చల్లనివేళ స్వామి సన్నిధికి తోడ్కొని పోవుడు. మార్గమున తోడు దూడ ఉన్నచో మరియు మంచిది. వెంట దాని మేతకు కొంత సొమ్మును గోశాలలో సమర్పింపుడు. ఆలస్యమగుననియు స్వామి కోపించుననియు భయపడకుడు. లేగను పెంచిన ఆ నెలలన్నియు వ్రతదినములే.

దూడను పోషింపలేని పేదవాడు ఏమి చేయవలెను? ఇంటనున్న ఆవు పాలలో ఒక పూట భాగమును దూడకు విడిచి, స్వామికి తులసీదళము సమర్పించిన చాలును. తులసితో తృప్తిపడు దైవము మనది.

గోదానవిధిలో సవత్సయైన ధేనువును, అనగా దూడతో గూడిన ఆవును, దానము చేయవలెనని గలదు. తల్లీబిడ్డలను వేరుచేసి ఇచ్చుట ఉత్తమదానము కాదు. మన వేంకటాచల మాహాత్మ్యమునందును ఈ నియమమే కథారూపమున నున్నది. పుట్టలో దాగిన శ్రీనివాసునికి ఆహారము సమకూర్చుటకై బ్రహ్మ ఆవుగా వచ్చినాడు. ఒంటరిగా రాలేదు. రుద్రుడు దూడయై వెంట వచ్చినాడు. లక్ష్మీదేవి గొల్లభామయై వారిని చోళరాజునకు అమ్మినది. పాలిచ్చు తల్లిగా బ్రహ్మయే వచ్చినను ప్రక్కన దూడ ఉండితీరవలెనని ఆ కథ చెప్పకయే చెప్పుచున్నది. ఆవు పాలు పుట్టలో ధారపోయుచుండగా చూచి కోపించిన గోపాలుడు గొడ్డలి ఎత్తినాడు. స్వామి పుట్టనుండి లేచి ఆ దెబ్బను తన శిరస్సున భరించినాడు. ఆవుపై పడవలసిన దెబ్బ ఆయనపై పడినది.

నాటి గొడ్డలివ్రేటునకు అడ్డునిలిచిన స్వామి నేడు ప్రతి కొట్టమునందును పలుపునకు కట్టుబడి ఆకలితో చూచుచున్న లేగ ప్రక్కన నిలిచియే యుండునని మన విశ్వాసము. మనము చేయవలసినది పెద్ద యజ్ఞము కాదు. రేపు తెల్లవారి చెంబు చేతబట్టి కొట్టములోనికి పోవునప్పుడు మొదట ఆ ముడి విప్పుడు. లేగ కడుపునిండ త్రాగి, మూతికి నురుగు అంటుకొని, తోక ఎత్తి ఒక గంతు వేయును. పిమ్మట కూర్చుండి పితుకుడు. ఆ మిగిలిన పాలు కాచి, తులసి వేసి, స్వామి ముందుంచి, "వత్సలా!" యని పిలువుడు. ఆ పిలుపునకు అప్పుడు అర్థముండును.

శ్రీ అలమేలుమంగా సమేత శ్రీ వేంకటేశ్వరస్వామి కటాక్షము మీ ఇండ్లయందును, మీ కొట్టములయందును సమృద్ధిగా ప్రసరించుగాక!

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.